కడియం షూట్, ఒక ఫొటో సంగతి

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిక ఉన్నప్పుడు చదవండి. ఈ మధ్య గ్రూపులో ముగ్గురు నలుగురు తమ్ముళ్ళు "అన్నా, కెమెరా కొందామనుకుంటున్నాం, ఫ్రీలాన్స్‌లో డబ్బులొస్తాయా?" అని అడిగారు. వస్తాయి. కాకపోతే నా మొదటి కమర్షియల్ షూట్‌లో ఏం జరిగిందో కూడా చెప్పాలి.

నాది రంపచోడవరం వైపు. డిగ్రీ అయ్యాక రాజమండ్రిలో ఒక స్టూడియోలో చేరి పెళ్ళిళ్ళలో లైటు పట్టుకునేవాణ్ణి. తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో ఒక నికాన్ బాడీ, రెండు లెన్సులు కొనుక్కుని సొంతంగా మొదలుపెట్టాను. విల్లాలకీ రిసార్టులకీ తోటలు వేసిచ్చే ఒక కంపెనీ వాళ్ళు కేటలాగుకి ఫొటోలు కావాలన్నారు. వాళ్ళు మొక్కలు కొనేది కడియపులంకలో, షూట్ కూడా అక్కడే. రెండు రోజులకి 14,000. అడ్వాన్సు 5,000 ఫోన్‌పేలో వేశారు. మాటలన్నీ ఫోన్‌లోనే, కాగితం లేదు. అడగాలని తోచలేదు. అడిగితే పని పోతుందేమోనని భయం కూడా, అబద్ధమెందుకు.

రాజమండ్రి నుంచి రావులపాలెం వైపు వెళ్ళినవాళ్ళకి కడియం నర్సరీలు తెలుసు. హైవే పక్కన ఎంత దూరం చూసినా మొక్కలే. చేతిలో పట్టే క్రోటన్ నుంచి, వేళ్ళు మట్టితో సహా గోనెలో కట్టి క్రేన్‌తో లారీకెక్కించే చెట్ల దాకా. చెట్టుని కూడా మంచం మోసినట్టు మోసుకెళ్ళొచ్చని అక్కడే చూశాను.

మొక్కల ఫొటో తేలికనుకున్నాను. కాదు. షేడ్‌నెట్ కింద తీస్తే అంతా పచ్చటి రంగు పాకుతుంది, తెల్ల పువ్వు కూడా పాచి పట్టినట్టు పడుతుంది. గ్రే కార్డు పెట్టి వైట్ బ్యాలెన్స్ సెట్ చేసుకోవాల్సిందే. మధ్యాహ్నం ఎండలో ఆకులు రేకుల్లా మెరుస్తాయి, పోలరైజర్ తిప్పితే ఆ మెరుపు తగ్గి అసలు రంగు కనబడుతుంది. గాలి వీస్తే షట్టర్ 1/250 కన్నా తగ్గించలేం. అసలు పనంతా పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర లోపే, మళ్ళీ సాయంత్రం నాలుగు దాటాకే. మధ్యలో కంపెనీ నుంచి వచ్చిన మేనేజరు "ఖాళీగా కూర్చున్నావేం?" అంటుంటాడు. లైటు గురించి వాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కదు.

రెండో రోజు పొద్దున పామ్ చెట్లు తీస్తున్నాం. ఆయన "పక్కన ఒక మనిషిని నిలబెట్టు, ఎత్తు తెలుస్తుంది" అన్నాడు. అది మామూలే, కేటలాగుల్లో అలా తీస్తారు. దగ్గర్లో సంచుల్లో మట్టి నింపుతున్న ఆడవాళ్ళలో ఒకావిడని పిలిచారు. ఆవిడ ఒక చిన్న మొక్క పట్టుకుని అలాగే వచ్చి నిలబడింది. లేత ఎండ పక్కనుంచి పడుతోంది. చేతులకి మోచేతి దాకా మట్టి, ముంజేతి మీద పచ్చబొట్టు. నాకు ఎత్తూ గిత్తూ గుర్తులేదు, దగ్గరికెళ్ళి ఏడెనిమిది తీసేశాను. ఆవిడని ఒక్క మాట అడగలేదు.

టీ తాగేటప్పుడు నా యాస విని ఆవిడే అడిగింది, "ఏ ఊరు తమ్ముడూ?" చెప్పాను. వాళ్ళది దేవీపట్నం మండలం. పోలవరం ముంపులో ఊరు పోయింది, ఇప్పుడు కాలనీలో ఇల్లు. అక్కడ చేసుకోడానికి పని లేక ఇక్కడికొచ్చి షెడ్డులో ఉంటున్నారు. ఊళ్ళో ఇంటి వెనక ఎన్ని ఇప్పచెట్లు ఉండేవో వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. తర్వాత "ఇందాక తీశావే, అది ఎవరు చూస్తారు?" అంది. "తెలీదక్కా" అన్నాను. "నీకెంతిస్తారు?" అంది. చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు, గ్లాసు కడిగి పెట్టి పనికెళ్ళిపోయింది.

నెల తర్వాత కేటలాగు పీడీఎఫ్ పంపారు. అట్ట మీద ఆ ఫొటోనే. కింద 'అడవి బిడ్డల చేతుల మీదుగా మీ ఇంటికి' అని రాశారు. ముందు నాకు గర్వంగానే అనిపించింది, దాచను. ఫోన్‌లో మా అమ్మకి చూపించాను. అమ్మ చూసి "ఆ అమ్మాయికి తెలుసా?" అంది.

అప్పుడు మేనేజరుకి ఫోన్ చేశాను. ఆవిడని అడగలేదు, ఆ ఫొటో తీసేయండి అన్నాను. "నువ్వు తీశావు, మేం డబ్బులిచ్చాం, ఫొటో మాది" అన్నాడు. అప్పటికింకా 9,000 బాకీ, అది వేరే సంగతి. లా చదివే మన గ్రూపు అన్నయ్యనొకరిని అడిగాను. కంపెనీ వాడు చెప్పింది నిజమేనన్నాడు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరు చెప్తే తీసిన ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, ఆ చెప్పినవాళ్ళే మొదటి హక్కుదారు. అంటే ఒక్క పేజీ కాగితం రాసుకునుంటే కథ వేరేలా ఉండేది. ఇప్పుడు ఎక్కడికెళ్ళినా రెండు కాగితాలు పట్టుకెళ్తున్నాను. ఒకటి కంపెనీతో, ఒకటి ఫొటోలో పడే మనిషితో. రెండోది తెలుగులో రాసి, చదివి వినిపించాకే సంతకం తీసుకుంటాను.

ఇంకోటి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, చేయించుకోండి. అది ఉంటే కంపెనీ బిల్లు 45 రోజులు దాటి ఆపకూడదు, దాటితే వడ్డీ అడగొచ్చు. నేను ఆ షూట్ తర్వాత చేయించుకున్నాను, కాబట్టి ఆ బాకీకి పనికిరాలేదు. అడగ్గా అడగ్గా మూడు నెలలకి 6,000 వేశారు. మిగతాది వదిలేశాను.

ఫొటో మాత్రం తీయలేదు, కత్తిరించారు. ముఖం తీసేసి చేతులూ మొక్కా ఉంచారు. అది నా మాట విని చేశారో, డిజైన్ కోసం చేశారో తెలీదు. కింద రాత అలాగే ఉంది.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్తూ కడియంలో దిగాను. పూర్తి ఫొటో పెద్ద సైజులో ప్రింట్ వేయించి, ఆ కేటలాగు కూడా తీసుకెళ్ళాను. ఆవిడ అక్కడే ఉంది. జరిగిందంతా చెప్పి, అడక్కుండా తీశానని ఒప్పుకున్నాను. ఆవిడ కేటలాగు చేతిలోకి తీసుకుని పచ్చబొట్టు మీద వేలుపెట్టి, పక్కనున్నవాళ్ళకి "ఇది నా చెయ్యే" అని చూపించింది. వాళ్ళు నవ్వారు. "తల ఏది?" అని ఒకావిడ అడిగింది.

ప్రింట్‌ని ఆవిడ చీరకొంగుతో తుడిచి, మళ్ళీ పేపర్లో చుట్టి షెడ్డులో పెట్టొచ్చింది. నేను కవర్లో పెట్టి ఇచ్చిన 2,000 తీసుకుంది. తీసుకుని లెక్కపెట్టింది కూడా. ఆ తర్వాత "మా పాపకి కాలేజీలో ఫొటోలు కావాలంటున్నారు, నాలుగు పాస్‌పోర్టువి తీసిస్తావా?" అని అడిగింది. వచ్చే ఆదివారం వెళ్తున్నాను.