సాయంత్రం రైలుకు ముందు

మా అక్కా బావా తిరుపతిలో దిగేటప్పటికే బావ జేబులో చీటీ ఉంది. చంద్రగిరి, శ్రీనివాసమంగాపురం, జూ, తలకోన, కాణిపాకం, శ్రీకాళహస్తి. కొండమీద దర్శనం నిన్ననే అయిపోయింది. ఈ సాయంత్రం నారాయణాద్రికి తిరుగు టికెట్లు. మధ్యలో మిగిలింది ఒక్క పగలు, ముగ్గురు పిలకాయలు. పెద్దదానికి పదకొండేళ్ళు, నడిపోడికి ఏడు, చిన్నదానికి నాలుగు.

"తలకోన ఒక్కటే పోయిరావాలన్నా పొద్దు గూకుతుంది బావా" అన్నాను. ఎర్రావారిపాళెం మండలంలో నెరబైలు దాటి అడవిలోకి పోవాలి. 270 అడుగుల ఎత్తు నుంచి దూకే నీళ్ళు చూడాల్సినవే, కానీ చిన్నదాన్ని సంకనేసుకొని బండల మీద నడిచేదెవరు? కాణిపాకం ఒక దిక్కు, కాళహస్తి ఇంకో దిక్కు. బావ చీటీ హోటలు బోర్డు చదివి అన్నీ తెమ్మన్నట్టుంది.

ఆయన తమ్ముడి కుటుంబం అమెరికా నుంచి కరీబియన్ ఓడయాత్రకు పోయొచ్చింది. ఓడ పొద్దున ఒక దీవిలో ఆగుతుందట, సాయంత్రానికి కదిలిపోతుందట. పిల్లల్ని దించుకొని ఊరు చూడబోయినవాళ్ళ కళ్ళు సగం గడియారం మీదే. మనకు ఓడ లేదు, రైలుంది. అదీ ఎవరి కోసమూ ఆగదు.

మొదట జూకే బయల్దేరాం. నడిపోడికి తెల్లపులి ఆశ పెట్టింది నేనే. 5,532 ఎకరాల జూ, దాంట్లో తిరగడానికే పూట పడుతుందని గొప్పలు కూడా పోయాను. తీరా గేటు దగ్గరికి పోతే మూసుంది. మంగళవారం సెలవు! ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నవాణ్ణి, వారం చూసుకోలేదు.

"మామా, పులికి కూడా సెలవేనా?" అన్నాడు వాడు. అక్క నా వైపు చూసిన చూపు రాయను.

ఆటో ఆయనే ఆదుకున్నాడు. "కోటకు పోదాం పదన్నా, ఆడ మూసేది శుక్రవారం గదా."

చంద్రగిరి కోటలో రాజమహల్ మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నం తప్ప కట్టె వాడలేదంటారు. బయట ఎండ చురుక్కుమంటున్నా లోపల గోడ చల్లగా ఉంది. చిన్నది ఆ గోడకు చెంప ఆనించి కదలనంది. మ్యూజియంలో విగ్రహాలన్నీ మేం చూసొచ్చేదాకా అది అక్కడే. నడిపోడు మెట్లు లెక్కపెడుతూ ముప్పై దగ్గర తప్పిపోయి, మళ్ళీ కిందికి దిగి మొదట్నుంచి ఎక్కాడు. పులి సంగతి అక్కడితో మరిచాడు.

పెద్దదానికి కథ కావాలి. "నిన్న కొండమీద గుడి మహాద్వారం దాటగానే ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడిన రాయలు గుర్తున్నాడా? ఆయన పోయినాక చాలా ఏళ్ళకు, తళ్ళికోట యుద్ధం తరవాత రాజధాని పెనుకొండకు, అక్కడినుంచి ఇక్కడికి వచ్చింది. 1639లో ఇంగ్లీషువాళ్ళకు చెన్నపట్నం నేల దక్కింది ఆ రాజ్యపు రాజుల కాలంలోనే" అన్నాను.

"అంటే ఓడిపోయి ఇక్కడికొచ్చారా?"

"అవునమ్మా."

"మరి ఇంత మంచి ఇల్లు కట్టుకున్నారే!"

చెట్టు కింద చిత్రాన్నం, ఊరిబిండి విప్పాం. కోతులు చుట్టూ చేరితే అక్క గిన్నె ఒళ్ళో దాచుకొని తినిపించింది.

తిరుగుదారిలో శ్రీనివాసమంగాపురం. కల్యాణ వెంకన్నకు దండం పెట్టుకొని బయటికొచ్చాక బావ మళ్ళీ మొదలెట్టాడు, శ్రీవారిమెట్టు పక్కనేగా, నాలుగు మెట్లన్నా ఎక్కిద్దామని. కొండ దాకా మొత్తం 2,388 మెట్లు. ఎన్నెక్కినా సరే, నేను ఒప్పుకోలేదు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేళ్ళ పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తరవాత మధ్యాహ్నం రెండు దాటితే పిల్లల్ని నడకదారిలోకి వదలకుండా కట్టడి పెట్టారు. అప్పటికి మూడు కావస్తోంది.

ఆటోలో ముగ్గురూ నిద్రపోయారు. స్టేషన్లో బావ చీటీ తీసి రెండు పేర్లు కొట్టేశాడు. "నాలుగు మిగిలాయి" అన్నాడు, అదేదో నా బాకీ అయినట్టు.

పిల్లలతో వచ్చేవాళ్ళు చీటీ రాసే ముందు వారం చూసుకోండి. మంగళవారం జూ ఉండదు, శుక్రవారం చంద్రగిరి మ్యూజియం ఉండదు.