సమామిష్ గట్టు

"ఇది ఏరు కాదురా, కాలువ" అన్నాడు నాన్న, అమెరికా వచ్చిన మూడో రోజున.

రెడ్మండ్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి సమామిష్ రివర్ ట్రైల్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మేరీమూర్ పార్కు నుంచి వుడిన్‌విల్ మీదుగా బాతెల్ దాకా, నది పక్కనే పది మైళ్ళు సాగే తారుబాట. నేను అయిదేళ్ళుగా దానిమీద సైకిలు తొక్కుతున్నాను. పెద్ద రోడ్లు వంతెనల మీదుగా పోతాయి, బాట వాటి కిందనుంచి పోతుంది. సిగ్నల్ దగ్గర ఆగే పని దాదాపు ఉండదు. నది కూడా నాలాగే వంకర లేకుండా పోతూంటుంది. ఎందుకలా పోతోందని నాకెప్పుడూ అనుమానం రాలేదు.

నాన్న గోదావరి డెల్టాలో, ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. రెండు గట్లూ ఒకే వాలులో ఉండటం చూసి నిమిషంలో పట్టేశాడు. "ఎవరో తాడు కట్టి తవ్వించారు."

ఇంటికొచ్చి చదివితే ఆయన మాటే నిజం. ఒకప్పుడిది చిత్తడి నేలల్లో మెలికలు తిరుగుతూ పారిన ఏరు. చిన్న స్టీమర్లు, దుంగల తెప్పలు నడిచేవట. 1916లో షిప్ కెనాల్ కోసం లేక్ వాషింగ్టన్ నీటిమట్టాన్ని తొమ్మిది అడుగుల దాకా దించారు. ఆ సరస్సులో కలిసే ఏరు కాబట్టి దీని మట్టమూ పడిపోయింది. చిత్తడి ఆరి పొలాలయ్యింది. ఆ పొలాలకి వరద రాకుండా 1960లలో ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ వాళ్ళు నదిని లోతుగా తవ్వి, తిన్నగా చేశారు. నేను ఆగకుండా తొక్కే బాట ఆ పని చలవే.

ఇక్కడికొచ్చే తల్లిదండ్రులకి ఆరు నెలలు ఎలా గడుస్తాయో అందరికీ తెలిసిందే. కారు నడపలేరు, బజారుకి పోలేరు, మనం మీటింగుల్లో ఉంటే తలుపు చాటునుంచి చూసి వెళ్ళిపోతారు. నాన్న మాత్రం రెండో వారం నుంచి పొద్దున్నే బూట్లు వేసుకుని ఒక్కడే గట్టు మీదకి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆ ఆరు నెలల్లో ఎవర్నీ అడక్కుండా ఆయన చేసిన పని అదొక్కటే.

జూలైలో ఒకరోజు ఎనిమిదింటికి వెళ్ళినవాడు పన్నెండైనా రాలేదు. ఫోను చార్జర్‌కే ఉంది. మీటింగు వదిలేసి సైకిలు తీశాను. సిక్స్టీ ఏకర్స్ పార్కులో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు, అక్కడ లేడు. అంత ఎండలో, ఆ తిన్నటి బాట మీద ఎంత దూరం చూసినా మనిషి కనపడకపోతే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. చివరికి వుడిన్‌విల్‌లో విల్మాట్ గేట్‌వే పార్కు బెంచీ మీద దొరికాడు. ఆరు మైళ్ళ దూరం. నేను అరిచాను. ఆ అరుపు ఇప్పటికీ నాకు సిగ్గే.

"గట్టు వెంబడి వచ్చాను, గట్టు వెంబడే వచ్చేస్తాను. ఇందులో తప్పిపోవడానికేముందిరా?" అన్నాడు. కాసేపాగి, "దారిలో ఎక్కడా నీడ లేదు" అన్నాడు.

అక్టోబరులో, తిరుగు ప్రయాణానికి ముందు, ఇస్సక్వాలో చేపల హేచరీకి తీసుకెళ్ళాను. సాల్మన్లు ఎదురీది వచ్చే కాలం. ఇవి ఎక్కణ్ణించి వస్తాయని అడిగితే ఫోన్లో మ్యాప్ తీసి చూపించాను. సముద్రం నుంచి బ్యాలర్డ్ లాకుల దగ్గర మెట్ల కాలువ ఎక్కి, లేక్ వాషింగ్టన్ దాటి, మన సమామిష్ ఏట్లోంచి పైనున్న సరస్సుకి, అక్కణ్ణించి ఇస్సక్వా వాగులోకి. చెబుతూంటే నాకే అర్థమైంది, వేలితో నేను గీస్తున్నది సైకిలు దారే. బ్యాలర్డ్ నుంచి బర్క్-గిల్మన్ ట్రైల్, బాతెల్లో సమామిష్ ట్రైల్, మేరీమూర్ దాటాక ఈస్ట్ లేక్ సమామిష్ ట్రైల్, చివర ఇస్సక్వా. మొదటిదీ చివరిదీ 1880ల్లో పుట్టిన ఒకే రైలు కంపెనీ వేసిన పట్టాల మీద వచ్చినవి. బర్క్-గిల్మన్ 1978లో ట్రైల్‌గా మారింది. ఈ బాటలన్నీ కలిపి 'లాక్స్ టు లేక్స్ కారిడార్' అంటారు. ఆ కారిడార్ చేపలకి ముందునుంచే ఉంది.

లాకులనగానే నాన్న మొహం వెలిగింది. అంతలోనే, "అయితే ఇవి మన గట్టు పక్కనుంచే వచ్చాయన్నమాట. ఎండాకాలంలో వచ్చేవాటి సంగతేంటి?" అన్నాడు.

అసలు సమస్య అదే. మెలికలు పోయాక చేపలు ఆగి సేదతీరే మడుగులూ పోయాయి. గట్ల మీద చెట్లు లేక వేసవిలో నీరు వేడెక్కి, ఎదురీదే సాల్మన్లు నీరసపడతాయి. ప్యూజెట్ సౌండ్ చినూక్ సాల్మన్‌ని 1999లో ముప్పున్న జాతుల్లో చేర్చారు. ఇప్పుడు రెడ్మండ్ దగ్గర కొన్నిచోట్ల గట్లు సవరించి చెట్లు పెంచుతున్నారు.

ఏరు తిన్నగా లేకపోతే నాన్నకి ఆ గట్టు ఉండేది కాదు. దీన్ని అటూ ఇటూ తూచడం నాకు చేతకాలేదు. సైకిలు మాత్రం ఈమధ్య కొంచెం నెమ్మదిగా తొక్కుతున్నాను.

నాన్న ఇప్పుడు ఊళ్ళో ఉన్నాడు. ఆదివారం ఫోన్ చేస్తే పిల్లల గురించి అడిగాక, ఇంకోటి కూడా అడుగుతాడు: "గట్టు మీద నాటిన ఆ మొక్కలు ఎంతెత్తు వచ్చాయిరా?"