సుగ్గికి పోయినోళ్ల సూది

ఆదోని దాటాక పడమటి మండలాల్లో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ఫిబ్రవరి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. టీకాలుంచే ఐఎల్ఆర్ పెట్టె మూత ఎత్తి ఫార్మసిస్టు నాకు లోపలి థర్మామీటరు చూపించాడు. ఐదు డిగ్రీలు. రెండుకి తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు.

"వేడి తగిలితే సీసా మీది స్టిక్కరే రంగు మారి చెప్తాది సార్. గడ్డకట్టిందంటే మాత్రం అది చెప్పదు. టీడీకి ఎండ కన్నా మంచుతోనే భయం" అన్నాడు. టీడీలో అల్యూమినియం ఉప్పు ఉంటుంది. ఒకసారి గడ్డకట్టి కరిగితే అది ముద్దలై అడుగుకు దిగిపోతుంది, ఇక మందు పనిచేయదు. అందుకే డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్ ప్యాకుల్ని వెంటనే క్యారియర్లో పెట్టరు. బల్ల మీద పరిచి, చెమట పట్టాక ఒక్కోదాన్నీ చెవి దగ్గర ఊపి చూస్తారు. లోపల నీళ్లు గలగలమంటేనే సీసాల పక్కన చోటు.

టీడీ అంటే ధనుర్వాతానికీ కంఠసర్పికీ కలిపి ఇచ్చే బూస్టరు. పదేళ్లకు ఒకటి, పదహారేళ్లకు ఒకటి. ఆ రోజు బడిలో వేస్తున్నారంటే చూద్దామని వెళ్లాను.

ఏఎన్ఎంను ఊరంతా సిస్టరమ్మ అంటారు. హైస్కూల్లో పని తొందరగానే తేలింది. పనులకు వలసపోయిన తల్లిదండ్రులు పదో తరగతి పిల్లల్ని పరీక్షల కోసం అవ్వల దగ్గర వదిలి వెళ్లారు కాబట్టి దాదాపు అందరూ ఉన్నారు. వరుసలో ఒక పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది. "చిన్నప్పుడు ఏసినారు కదా మేడం, మళ్లీ ఎందుకు?"

"నిన్న తిన్న సంగటి ఈపొద్దు ఆకలికి వస్తాదా?" అంటూనే సిస్టరమ్మ సూది పని కానిచ్చేసింది.

సమాధానం బాగుంది కానీ అన్ని టీకాలకూ అతకదు. తట్టుకు రెండు డోసులు పడితే చాలామందికి జీవితాంతం సరిపోతాయి. కంఠసర్పి దారి వేరు. దాని సూక్ష్మజీవి గొంతులో స్థావరం వేసుకుని విషం వదులుతుంది. గొంతులో బూడిదరంగు పొర కట్టించేదీ, గుండెను దెబ్బతీసేదీ ఆ విషమే. టీకాలో ఉండేది విషగుణం తీసేసిన ఆ పదార్థం కాబట్టి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు విషాన్ని పట్టుకుంటాయి తప్ప క్రిమిని వెళ్లగొట్టవు. టీకా పడిన పిల్లాడి గొంతులో క్రిమి ఉండొచ్చు, అతనికి ఏమీ కాకపోవచ్చు, పక్కవాడికి అంటించనూవచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ యాంటీబాడీలు తగ్గుతాయి. నేర్చుకున్నది గుర్తుపెట్టుకునే కణాలు మిగిలే ఉంటాయి కానీ అవి మళ్లీ పని అందుకోవడానికి కొన్ని రోజులు కావాలి. ఈ జబ్బు మామూలుగా రెండు నుంచి ఐదు రోజుల్లో బయటపడుతుంది. హెపటైటిస్-బి వైరస్ జబ్బు చేయడానికి వారాలు, నెలలు తీసుకుంటుంది కాబట్టి జ్ఞాపకానికి సమయం చిక్కుతుంది. ఆ టీకాకు మామూలు మనిషికి బూస్టరు అక్కర్లేకపోవడానికి అదొక కారణం.

ఇదంతా సిస్టరమ్మకు కొత్త కాదు. "కరోనాకు రెండు డోసులు ఏసుకున్నాక కూడా నాకు వచ్చె సార్. మూడు దినాలు జ్వరం, అంతే. నువ్వు ఏసిన సూది నీకే పనిచెయ్యలేదు కదమ్మా అని ఊర్లో నవ్విరి. ఆస్పత్రిలో పడుకోలేదు కదా అని నేనంటి." 2022 జనవరి 10న ఆరోగ్య సిబ్బందికి ముందుజాగ్రత్త డోసు మొదలైనప్పుడు తనూ వేయించుకుందట.

పాతకాలంలో కంఠసర్పి క్రిమి ఊళ్లో తిరుగుతూనే ఉండేది. పెద్దవాళ్లకు అప్పుడప్పుడూ తారసపడి వాళ్ల రక్షణను తాజా చేసి పోయేది. టీకాలు దాన్ని అరుదు చేశాక ఆ తాజాదనమూ పోయింది. 1990లలో సోవియట్ యూనియన్ కూలాక ఆ దేశాల్లో లక్షన్నరకు పైగా జనానికి ఈ జబ్బు వచ్చింది, వేలమంది చనిపోయారు. అది పసిపిల్లల జబ్బుగా రాలేదు, పెద్దవాళ్లనే ఎక్కువగా పట్టుకుంది.

మధ్యాహ్నం ప్రాథమిక పాఠశాలకు వెళ్లాం. ఐదో తరగతిలో సగానికి సగం బల్లలు ఖాళీ. "సుగ్గికి పోయినారు సార్" అన్నాడు హెడ్మాస్టరు. గుంటూరు వైపు మిరపకాయలు తెంపేకి అమ్మానాన్నలతో వెళ్లిన పిల్లలు ఉగాది దగ్గర పడితే గానీ రారు. సీజనల్ హాస్టల్లో చేరినవాళ్లు మాత్రం దొరికారు.

నాకు కోపం వచ్చింది ఇక్కడే. పసిబిడ్డకు కార్డు ఉంటుంది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు, మళ్లీ ఏడాదిన్నర ప్రాంతంలో, ఐదేళ్లప్పుడు ఏ సూది బాకీ ఉన్నా ఆశా కార్యకర్త గడప తొక్కుతుంది. ఐదేళ్లు దాటాక ఆ కార్డు ట్రంకుపెట్టెలోకి పోతుంది. పదేళ్ల పిల్లాడు ఆ రోజు బడి హాజరుపట్టీలో ఉంటేనే ఉన్నట్టు.

"దసరాకు ముందే ఏస్తే ఊరంతా దొరుకుతాది" అంది సిస్టరమ్మ. పైకి రాసిందట కూడా.

తిరిగి కేంద్రానికి వచ్చేసరికి ఒకాయన కాలికి గుడ్డ చుట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. చేలో మేకు దిగింది, టీటీ సూది కావాలన్నాడు. ఇప్పుడు టీటీ స్థానంలో వేసేది టీడీయే. అడక్కుండానే ఆయనకు కంఠసర్పి బూస్టరు కూడా పడిపోయింది. మన దగ్గర మగవాళ్లకు అది దొరికే దారి దాదాపు ఇనుము గుచ్చుకోవడమే. ఆడవాళ్లకైతే కాన్పు.

"ఇంట్లో పిల్లలెంతమంది?" సిస్టరమ్మ అడిగింది.

"ఒక్కడే మేడం. వాళ్లమ్మతో గుంటూరు పక్క ఉండాడు. నేను ఎద్దులకని ఉంటి."

"ఎన్నో తరగతి?"

"అయిదు."

ఆమె నోటుబుక్కు తీసింది. "మీవాళ్లు యాడ దిగినారు, ఏ ఊరు? ఆ మేస్త్రీ నంబరుందా? చెప్పు, అక్కడి సిస్టరుకు నేనే ఫోన్ చేస్తా."