ఎండలో పుచ్చిన బోటు

ఎండాకాలం సంగమేశ్వరం రేవులో బోట్లన్నీ గట్టెక్కి ఉంటాయి. శ్రీశైలం జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. అది 840 కిందికి దిగాకే నీళ్లలో మునిగిన ఇక్కడి గుడి బయటపడుతుంది, బోట్ల మరమ్మతుకూ తీరిక చిక్కుతుంది. 2022లో జిల్లాలు విడిపోయి ఈ చోటు నంద్యాల కిందికి వెళ్లింది గానీ, ఆత్మకూరు బస్సులో అడిగితే ఇంకా కర్నూలనే అంటారు.

నేను చూడ్డానికి వెళ్లింది ఒక పాత ఫైబర్ బోటు. రంగు వెలిసింది, అంతే. మేస్త్రి కాకినాడ వైపు మనిషి. ఇంజను బిగించే వెనక పలకని సుత్తితో తడుతూ వచ్చాడు. పైన టంగుమంది, కింద బొద్దుమంది.

"ఇక్కణ్ణించి పోయిందండి."

"ఆర్నెల్లు ఎండలో పడుంటాది గదన్నా, ఎట్ల పుచ్చుతాది?" అన్నాడు బోటాయన.

నాకూ అదే సందేహం. మేస్త్రి ఇంజను బోల్టుల రంధ్రాలు చూపించాడు. నీళ్లు వాటిగుండా లోపలి ప్లైవుడ్‌లోకి దిగుతాయి. రెండు వైపులా ఫైబర్ కప్పేసి ఉంది కాబట్టి మళ్లీ బయటికి రాలేవు. ఎండ పైపొరని పగలగొడుతుందే తప్ప లోపలి చెమ్మని లాగలేదు. చెక్కలో తేమ 20 శాతం దాటి, కాస్త గాలి కూడా ఆడితే బూజుకి అంతకన్నా ఏం కావాలి?

ఎదురుగా ఉన్న గుడిలో శివలింగం వేపకర్రది. ప్రాజెక్టు వచ్చాక మునిగిన ఆ గుడి 2003లో మళ్లీ కనబడింది. అప్పట్నించీ ఏడాదిలో చాలా నెలలు లింగం నీళ్లలోనే. భక్తులు మహిమంటారు, నేను కాదనను. పూర్తిగా మునిగిన కర్రకి గాలి అందదు, గాలి లేకపోతే బూజు బతకదు. సగం తడిసి సగం ఆరే కర్రకే చేటు.

మేస్త్రి బయటి పొర ముట్టుకోలేదు. లోపలి పొరని గ్రైండర్‌తో కోసి ఊడదీస్తే ప్లైవుడ్ తడి అటుకుల్లా రాలింది. పాత చెక్క మీదే నాలుగు పొరల ఫైబర్ మ్యాట్ వేసి సరిపెట్టమన్నాడు బోటాయన. ఖర్చు భయం. మేస్త్రి ఒప్పుకోలేదు, నా దృష్టిలో అదే సరి. పుచ్చుని మూసేస్తే ఇంజను బరువు ఎవరు మోస్తారు?

కొత్త ప్లై మీద ఐఎస్ 710 ముద్ర వెతికి చూశాడు. వాటర్‌ప్రూఫ్ అని అంగట్లో అమ్మేవన్నీ మెరైన్ ప్లై కావు. కోసిన ఫైబర్ అంచుని దాని మందానికి పన్నెండింతల వెడల్పున ఏటవాలుగా అరగదీశాడు. కొత్త మ్యాట్ పాతదాన్ని పట్టుకోవాలంటే అంత మేర కావాలట. రెజిన్ కలిపేది మాత్రం తెల్లారుజామునే. ఈ సీమ ఎండలో, మామూలుగా వేసే హార్డెనర్ వేసినా, మగ్గులోనే పొగలొచ్చి గడ్డకట్టేస్తుంది.

బోల్టుల రంధ్రాలు కావాలనే పెద్దవిగా తొలిచి, చిక్కటి రెజిన్‌తో పూడ్చి, అది గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ సన్నగా తొలుస్తాడు. ఇక బోల్టు చెక్కకి తగలదు. కట్టేటప్పుడే ఎవరో ఈ కాస్త పని చేసుంటే ఈ తంటా ఉండేది కాదు.

తర్వాత అడుగు పట్టీలు తట్టాడు. మూడోదీ బొద్దుమంది. బోటాయన ఇంకేం అడగలేదు, ఇంకో షీటు కోసం నంద్యాలకి ఫోను కలిపాడు.