ఐదు కిలోల ఆరొందలు

“చెస్ట్ నంబర్ పద్నాలుగు.”

బెంగళూరు ఎస్‌ఎస్‌బీలో ఐదో రోజు సాయంత్రం ఆ నంబరు వినగానే ముందు పక్కవాడి వంక చూశాను. వాడు నా ఛాతీ వంక చూశాడు. అక్కడ ఉన్నది పద్నాలుగే. మొదటి రోజు వంద మందికి పైగా వచ్చిన గుంపులో చివరికి మిగిలింది నలుగురం. బొమ్మ చూపించి కథ రాయించారు, అరవై మాటలకి అరవై వాక్యాలు రాయించారు, తాళ్లూ పలకలూ ఇచ్చి అడ్డంకులు దాటించారు. ఇంటర్వ్యూలో ఇంట్లో ఎవరితో ఎక్కువ గొడవపడతావని కూడా అడిగారు. అన్నీ దాటాను. ఫోన్ చేస్తే అమ్మ ఏడ్చేసింది. నాన్న మాత్రం, “మెడికల్ ఇంకా ఉంది కదా?” అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో అప్పుడు తెలీలేదు.

మెడికల్‌లో తూకం మిషను ఎక్కాను. 73.6. నా ఎత్తు 172 సెంటీమీటర్లు. ఇరవై నుంచి ముప్పై ఏళ్ల వాళ్లకి ఆ ఎత్తుకి 68 కిలోలు దాటకూడదు. కాగితం మీద ‘ఓవర్‌వెయిట్, టెంపరరీ అన్‌ఫిట్’ అని రాసి సంతకం పెట్టమన్నారు. 42 రోజుల్లోపు అప్పీల్ మెడికల్ బోర్డు ముందు నిలబడాలి. ఐదు రోజులు నా బుర్రనీ మనసునీ తిరగేసి చూసి సరే అన్నారు, ఇప్పుడు ఐదు కిలోల ఆరొందల గ్రాములు గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాయి.

హాస్టల్‌కి వచ్చాక మొదటి రెండు రోజులూ బీఎంఐని తిట్టడంతోనే సరిపోయింది. క్వెట్లె అనే బెల్జియం గణిత శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దంలో జనాల సగటుల కోసం కట్టిన లెక్క అది, ఆయన డాక్టరే కాదు, కండకీ కొవ్వుకీ తేడా తెలీని ఫార్ములాతో మనిషిని ఎలా కొలుస్తారని రూమ్మేట్లకి లెక్చర్లు పీకాను. ఆరు నెలలు జిమ్‌కి వెళ్లిన ధైర్యం మరి!

మా రూమ్మేటు ఒకడు ఓపిగ్గా అంతా విని నోటిఫికేషన్ పీడీఎఫ్ తెరిచాడు. కండ వల్ల బరువెక్కిన వాళ్లకి అందులో మినహాయింపు ఉంది. బాడీ బిల్డింగో, కుస్తీయో, బాక్సింగో చేసినట్టు ఆధారాలు ఉండాలి. బీఎంఐ 25 దాటకూడదు. మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్ల లోపు ఉండాలి, నడుముకీ తుంటికీ నిష్పత్తి 0.9 కన్నా తక్కువుండాలి, రక్త పరీక్షలు నార్మల్‌గా రావాలి. నా బీఎంఐ 24.9. “చూశావా!” అన్నాను. వాడేం మాట్లాడకుండా వెళ్లి ఎక్కడి నుంచో టేపు పట్టుకొచ్చాడు. “పొట్ట లోపలికి లాగకు” అన్నాడు.

93.

ఇంక వాదించడానికి ఏమీ మిగల్లేదు. పెన్ను తీశాను. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు కావాలి. 5.6 కిలోలకి 43,120. చేతిలో ఉన్నవి 38 రోజులు. అంటే రోజుకి 1,135. నాలుగేళ్లలో ఇంత సీరియస్‌గా నేను ఏ ప్రాబ్లమూ చేయలేదు. అసలు ఈ ఒళ్లు ఎలా వచ్చిందో మీకు చెప్పక్కర్లేదు, మీరూ అదే మెస్‌లో తింటున్నారు. రాత్రి పదకొండున్నరకి గేటు బయట బండి దగ్గర ఎగ్ నూడుల్స్, రోజుకి నాలుగు టీలు, ఎగ్జామ్స్ అంటే ఇంకో రెండు, నెలలో ఐదారు బర్త్‌డే కేకులు.

పొద్దున్నే ఐదింటికి గ్రౌండు. నూడుల్స్ బంద్. అన్నం సగం. మొదటి వారంలోనే 1.9 కిలోలు పోయాయి. మెస్‌లో కాలరెగరేసి తిరిగాను. ఆ తర్వాత పన్నెండు రోజులు ముల్లు 71 దగ్గర నుంచి కదల్లేదు. తిండి తగ్గించగానే ఒంట్లో దాచుకున్న గ్లైకోజన్, దాన్ని పట్టుకుని ఉండే నీళ్లు ముందు పోతాయని, మొదటి వారం సంబరంలో ఎక్కువ భాగం ఆ నీళ్లదేనని తర్వాత చదివాను. ఆ పన్నెండు రోజులూ నాకు ఎవరి మొహం చూసినా కోపమే. టిఫిన్ బాక్సు మూత తీసిన చప్పుడికి కూడా చిరాకు. అద్దంలో పొట్టని చూసుకుని శత్రువుతో మాట్లాడినట్టు మాట్లాడేవాణ్ని. ఒకరోజు తిన్నదీ తాగిందీ ఒక్కటి కూడా వదలకుండా రాసి చూస్తే దొంగలు దొరికారు. టీలో పంచదార, ఇడ్లీ మీదకి మూడు గరిటెల పల్లీ చట్నీ. నేను వాటిని తిండి కింద లెక్కేయనేలేదు.

శివరాత్రికి ఇంటికెళ్లాను. అప్పటికి 70.2. గుమ్మంలోనే అమ్మ, “ఇలా చిక్కిపోయావేంట్రా” అని బుగ్గలు పట్టుకుంది. ఉపవాసం ఉంటానంటే మురిసిపోయింది. ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి మరి, నా ఉపవాసం శివుడి కోసం కాదని చెప్పలేకపోయాను. సాయంత్రం పళ్లు పంచితే నాన్న ఎప్పట్లాగే తన అరటిపండు నా పళ్లెంలోకి తోసేశాడు. ఆయన అరటిపండు ముట్టడు. ఎందుకని మేమెవరం ఎప్పుడూ అడగలేదు. మర్నాడు అమ్మ కోడికూర వండింది. రెండు ముక్కలు తిని లేచేశాను. గిన్నె మూత పెడుతూ అమ్మ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

అప్పీల్ బోర్డుకి నాన్న తోడొస్తానన్నాడు. రైలెక్కే రోజు పొద్దున 68.4. ఇంకా 400 గ్రాములు. ఎస్‌ఎస్‌బీలో పరిచయమైన ఒకడు ఉపాయం చెప్పాడు. ముందు రోజంతా నీళ్లు ముట్టకు, రెయిన్‌కోటు వేసుకుని పరిగెత్తు, కిలో ఈజీగా పోతుంది అని. రెయిన్‌కోటు బ్యాగులో పెట్టుకున్నాను. నీళ్ల బాటిలు మూత తియ్యలేదు. రాత్రి తొమ్మిదికల్లా నోరు పిడచ కట్టుకుపోయింది. పెదాలు తడుపుకోవడం నాన్న చూశాడు.

“ఏట్రా, నీళ్లు తాగట్లేదు?”

చెప్పాను. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, తన సంగతి చెప్పాడు. పందొమ్మిదేళ్లప్పుడు జవాను భర్తీకి వెళ్లాడట. పరుగు నెగ్గాడు. ఛాతీ సరిపోయింది. బరువు 50 ఉండాలన్నారు. ఎవరో చెప్తే డజను అరటిపళ్లు తిని, చెంబులకి చెంబులు నీళ్లు తాగి లైన్లో నిలబడ్డాడు. అయినా 48 వచ్చింది.

“బయటికొచ్చి గోడ పక్కన మొత్తం కక్కేశాన్రా. ఆకలేసి బక్కగా ఉన్నోణ్ని, ఒక్క పూటలో ఏటి లావైపోతాను? ఇంటికెళ్తే మీ నాన్నమ్మ ఏమైందని అడిగింది. ఎత్తు చాల్లేదని చెప్పాను. బరువని చెప్తే, సరిగ్గా పెట్టలేకపోయానని ఏడుస్తాది కదా.”

నాకేం మాట్లాడాలో తోచలేదు. తినడానికి లేక ఆయన ఆగిపోయాడు. తినడం ఆపలేక నేను ఆగిపోయాను. నలభై రోజులుగా నేను శత్రువులా చూసిన ఈ ఒళ్లు, డిపోలో మెకానిక్ పని చేసి ఆయన పెంచిన ఒళ్లు. తన కొడుకు పళ్లెం ఎప్పుడూ వెలితిగా ఉండకూడదని పెంచినది.

బాటిలు మూత తీసి సగం తాగాను. రెయిన్‌కోటు బ్యాగులోంచి బయటికి రాలేదు. దిగాక మర్నాడు మామూలుగానే పరిగెత్తాను, మామూలుగానే రెండు చపాతీలు తిన్నాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ధైర్యంగా ఉన్నానని చెప్తే అబద్ధం.

బోర్డు రోజు పొద్దున మిషను 67.8 చూపించింది. టేపు 88. డాక్టరు గారు రెండోసారి కూడా ఎక్కించి చూసి ‘ఫిట్’ అని రాశారు. అంతే. ముప్పై ఎనిమిది రోజుల పని రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఇది రాస్తున్నప్పటికి మెరిట్ లిస్టు రాలేదు. అందులో నా పేరు ఉండకపోవచ్చు కూడా, ఫిట్ అయినవాళ్లందరికీ సీట్లు ఉండవు. ఐదింటికి గ్రౌండుకి మాత్రం వెళ్తూనే ఉన్నాను. టీలో పంచదార ఇంకా మొదలెట్టలేదు.

తిరుగు ప్రయాణంలో ప్లాట్‌ఫారం మీద రంగు లైట్లు వెలిగే పాత బరువు మిషను కనిపించింది. నాన్న చెప్పులు విడిచి మరీ ఎక్కి, జేబులోంచి నాణెం తీసి వేశాడు. చక్రం తిరిగింది, టికెట్టు పడింది. కళ్లద్దాలు పైకి తోసి దాన్ని దూరంగా పట్టుకుని చదివాడు.

“డెబ్భై నాలుగురా,” అన్నాడు నవ్వుతూ. “ఇప్పుడు తీసుకుంటారేమో అడుగు.”

టికెట్టు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.