ఎత్తవద్దన్న మాట

పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీని గూర్చి నేను ఎన్నిమారులు ప్రసంగించితినో లెక్కలేదు. ఆమె వణకుచు వచ్చి ఉన్నదంతయు చెప్పుకొనెనను సంగతిని మాత్రము ఎప్పుడును త్వరగా దాటిపోయెడివాడను.

మా సంఘములోని ఒక తల్లికి 2009లో గర్భసంచి ముఖద్వారమున క్యాన్సరు పుట్టెను. హైదరాబాదులో కొన్ని వారములు కరెంటు పెట్టిరి. దేవుని కృపచేత స్వస్థపడి ఇల్లు చేరెను. కృతజ్ఞతకూటములో సాక్ష్యము చెప్పుదునని ఆమె అడుగగా, "అమ్మాయి పెండ్లి కావలసియున్నదమ్మా, ఆ జబ్బు పేరు ఇక ఎత్తవద్దు" అంటిని. అది ప్రేమయే అనుకొంటిని.

2022లో కోతపండుగ మరునాడు ఆమెకు హఠాత్తుగా కడుపునొప్పి వచ్చెను. పొట్ట ఉబ్బెను, మూత్రము సరిగా రాలేదు. దగ్గరి ఊరి ఆసుపత్రికి నేనును వెంట వెళ్లితిని. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగియుండుటచేత మూత్రపిండములు చెడినవేమోనని డయాలసిస్ మాట వచ్చెను. "ఇంతకుముందు పెద్ద జబ్బేమైనా చేసిందా అమ్మా?" అని డాక్టరుగారు అడిగిరి. ఆమె నా ముఖము చూచి, "ఏమీ లేదండీ" అనెను.

ఆ చూపు నేను మరువలేను. ఆ జవాబు నేర్పినవాడను నేనే గదా! మంచము దగ్గర వంగి, "చెప్పుదమా అమ్మా?" అంటిని. "మీరే చెప్పండి అయ్యగారూ" అనెను.

డాక్టరుగారు వెంటనే మూత్రసంచిలోనికి గొట్టము వేసి, మందు ఎక్కించి, స్కాను తీయించిరి. సంచికి చిల్లు పడియుండెను. కరెంటు తగిలిన చోట సన్నని రక్తనాళములు ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా మూసికొనిపోవుననియు, గోడ బిరుసెక్కి బలహీనపడి, మిక్కిలి అరుదుగా దానంతట అదే చినుగుననియు ఆయన చెప్పిరి. మూత్రము కడుపులోనికి కారి తిరిగి రక్తములో కలియుటచేతనే క్రియాటినిన్ పెరిగినదట. మూత్రపిండములు బాగుగనే యుండెను. క్యాన్సరును తిరిగి రాలేదు. ఆపరేషను చేసి కుట్టిరి. కొన్ని వారములు గొట్టముతో ఉండవలసి వచ్చెను.

ఇంతకంటె ఎక్కువగా కనబడునది మూత్రములో రక్తము పడుటయు, మాటిమాటికి పోవలసి వచ్చుటయు. పదేండ్ల తరువాతనైనను రావచ్చును. రక్తము చూచినంతనే క్యాన్సరు తిరిగి వచ్చెనని కృంగనక్కరలేదు. ఏమియు కాదని ఊరకుండనుకూడదు. డాక్టరునకు చూపించి, కరెంటు పెట్టిన సంగతి మొదటనే చెప్పవలెను.

ఆమె పాత కాగితములు పెట్టె అడుగున, పెండ్లిచీర క్రింద ఉండెడివి. ఇప్పుడు ప్లాస్టిక్ సంచిలో వాకిటి మేకునకు వ్రేలాడుచున్నవి. మొన్న స్త్రీల కూటములో ఆమె లేచి ఆ జబ్బును పేరు పెట్టి చెప్పెను. నేను వెనుక బల్లమీద కూర్చుండి వింటిని.