మా ఇంటి ధ్వనిముద్రణ గది

ధ్వనిముద్రణ అనగానే మన విద్యార్థుల మనస్సులో మెదిలేది యంత్రమే. ఇంట్లో కంప్యూటరు ఉన్న ప్రతి యువకుడూ "ఏ మైకు కొనమంటారు సార్?" అని అడుగుతాడే గాని, "ఏ గదిలో పెట్టమంటారు?" అని అడిగినవాడు ఇంతవరకు నాకు తారసపడలేదు. రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిగా నాకు తోచినది చెప్పాలంటే, మొదట అడగవలసినది రెండో ప్రశ్నే.

నేను గాయకుణ్ణి కాను. ఈ గది ఏర్పడడానికి కారణం మా ఫుప్పీ, అనగా మా నాన్నగారి అక్కగారు. హైదరాబాదు ముస్లిం కుటుంబాల పెళ్లిళ్లలో స్త్రీలు ఢోలక్ వాయిస్తూ దక్కనీలో పాడుకునే ఢోలక్ గీతాలు ఆమెకు కంఠస్థం. వియ్యపురాలిని, ఆడపడుచును, ఒక్కొక్కప్పుడు పెళ్లికొడుకునే ఆటపట్టించే ఆ పాటలను ఆమె ఏ పుస్తకంలోనూ చదివి నేర్వలేదు. డెబ్బై దాటిన తర్వాత ఊపిరి అందడం తగ్గింది. రెండు చరణాలు పాడి, ఆగి, మంచినీళ్లు తాగి, మళ్లీ అందుకుంటారు. ఆమెతో కలిసి పాడిన తరం దాదాపు కనుమరుగైంది. పెళ్లిళ్లలో బంధువులు ఫోన్లలో పట్టిన పాటలు లేకపోలేదు; వాటిలో ఫ్యాను హోరు పైన, పాట అడుగున.

మా వెనుకగది పదడుగుల చదరం, పైన రేకుల కప్పు. ఖాళీ గదిలో చప్పట్లు కొట్టి చూడండి. గోడలు ఆ శబ్దాన్ని తిప్పి కొట్టడం స్పష్టంగా వినబడుతుంది. మైకు ఆ ప్రతిధ్వనిని కూడా గొంతుతోపాటు పట్టుకుంటుంది, తర్వాత రెంటినీ విడదీయడం చాలా కష్టం. బజారులో దొరికే పలుచని స్పాంజి పలకలు హెచ్చు స్థాయి స్వరాలను మాత్రమే పీల్చుకుంటాయి. అంతకంటె దూది దట్టించిన పాత రజాయీలు మేలు; గోడకు జానెడు ఎడంగా వేలాడదీస్తే మరికొంత లోతైన స్వరాలను కూడా అణచివేస్తాయి. అయితే లోపలి ప్రతిధ్వనిని తగ్గించడం వేరు, బయటి శబ్దాన్ని ఆపడం వేరు. ఆటోల రొదను ఏ రజాయీ ఆపలేదు. కనుక ఇషా నమాజు ముగిసి, వీధి సద్దుమణిగిన తర్వాతనే మా పని మొదలవుతుంది. ఫ్యాను ఆపాలి, పక్కగదిలో ఫ్రిజ్ కూడా ఆపాలి. (మైకు కొనడానికి డబ్బు సమకూర్చడం కంటె, ఫ్రిజ్ ఆపడానికి ఇంట్లో అనుమతి సంపాదించడమే నాకు కష్టమైంది.) వేసవి రాత్రి రజాయీల మధ్య ఒక గంటకు మించి ఎవరూ కూర్చోలేరు.

ఇక యంత్రాల సంగతి. 48 వోల్టుల విద్యుత్తు కోరే కండెన్సరు మైకు అతి సున్నితమైనది. పొరుగింటి దగ్గును సైతం పట్టి ఇస్తుంది. మా వంటి గదికి డైనమిక్ మైకే తగినది. గొంతుకు ఒకటి, ఢోలక్‌కు ఒకటి. రెండూ ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె ద్వారా కంప్యూటరును చేరతాయి. ముద్రణకు 2000లో వెలువడిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ చాలును. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జుల వరకు వినగలదు. దానికి రెట్టింపు కంటె ఎక్కువ సార్లు కొలవాలన్న నియమం వల్లనే కంప్యూటరు ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. కొలత హద్దు దాటిన దెబ్బ తల నరికిన చెట్టువలె మిగిలిపోతుంది. ఢోలక్ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు రికార్డు నిడివి సుమారు మూడు నిమిషాలు. రాగమంతా అందులో ఇమడవలసిందే. కంప్యూటరుకు ఆ తొందర లేదు. అది ఫుప్పీకి మేలైంది, ఎందుకంటే ఎదుట కూర్చున్న చుట్టాల పేర్లు చేర్చుకుంటూ ఆమె పాటను ఎంత దూరమైనా సాగదీస్తారు. మైకు ముందు ఒంటరిగా కూర్చోబెడితే మాత్రం పాట నడవదు. ఆటపట్టించడానికి మనిషి ఉండాలి గదా! అందుచేత వాడలోని నలుగురు స్త్రీలు వచ్చి చుట్టూ కూర్చుంటారు. నా భార్య లోపల మైకులు చూసుకుంటుంది. నేను తలుపు కింద నుంచి వచ్చిన తీగకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని వరండాలో ఉంటాను. మధ్యమధ్య నవ్వులు పడతాయి. వాటిని తొలగించమని ఒక విద్యార్థి సలహా ఇచ్చాడు. నేను తొలగించలేదు, ఆ నవ్వులు పాటలో భాగమే.

ఫుప్పీ పెట్టిన షరతు ఒకటే: ఈ పాటలు పెళ్లి ఇళ్లలో స్త్రీల మధ్య వినిపించవచ్చును గాని, లోకానికంతటికీ పెట్టరాదు. ఇంటర్నెట్‌లో పెడితే వేలమంది వింటారని, కళ బ్రతుకుతుందని మిత్రులు వాదించారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. కాని గొంతు ఆమెది, మాట నేనిచ్చినది. ఇంతవరకు పదకొండు పాటలు పూర్తి అయినాయి. ఒక ప్రతి మా కంప్యూటరులో, ఒకటి విడి డిస్కులో, మరొకటి ఆమె కూతురి ఇంట్లో ఉన్నాయి.

ఇంకా ఇరవైకి పైగా మిగిలి ఉన్నాయని ఫుప్పీ వేళ్ల మీద లెక్క చెబుతారు. వానలు మొదలైతే రేకుల చప్పుడుకు మా పని సాగదు. అందువల్ల ఇప్పుడు వారానికి రెండు రాత్రులు కూర్చుంటున్నాము.